తొమ్మిది గంపల ఆట

(మన సంఘపు నెలసరి సమావేశమున ఒక సభ్యులు చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను అమెరికా అనుభవములను గూర్చి మాటలాడుమని కోరినారు. ఈ సభలో సగముమంది ఆ దేశమునకు పోయి వచ్చినవారే. అచటి రోడ్లను, దుకాణములను నేను మరల వర్ణించినచో మీకు ఆవులింతలు వచ్చును. కావున నేను అచట నేర్చుకొనిన ఒక్క ఆటను గూర్చి మాత్రమే చెప్పెదను. ఆట యనగానే వెనుక వరుసలోని పెద్దలు ఇది పిల్లల సంగతి యని కండ్లు మూసికొనవద్దని మనవి. ఇది డెబ్బది యేండ్లవాడు ఆడదగిన ఆట. ఆడినవాడను గనుక చెప్పుచున్నాను.

నా కుమారుడు కాలిఫోర్నియాలో సాన్ హోసే నగరమునకు సమీపమున నుండును. మనుమనికి పదునొకండవ యేడు. నేను అచట నాలుగు మాసములుంటిని. మొదటి మాసమంతయు నాకును వానికిని నడుమ మూడే మాటలు: తిన్నావా, చదివావా, పడుకో. వానికి తెలుగు తెలియకపోలేదు. అర్థమగును, నోట రాదు. అడిగిన ప్రశ్నకు తల ఊపును, లేదా ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి తన గదిలోనికి పోవును. నాకు కోపము రాలేదు గాని, పదునాలుగువేల కిలోమీటర్ల దూరము పోయి గోడతో మాటలాడినట్లుండెను. మన యిండ్లలో ఇట్టి గోడ లేదని చెప్పగలవారు చేతు లెత్తుడని అడుగను. అడిగి మిమ్ములను ఇబ్బంది పెట్టుట మర్యాద కాదు.

ఒక శనివారమునాడు మా వాడు, "నాన్నగారూ, వీడితో పార్కుకు వెళ్ళి రండి, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?" అనెను. మనుమడు ఒక సంచిని భుజమునకు తగిలించుకొని బయలుదేరెను. సంచిలో మూడు బిళ్ళలుండెను. సముద్రతీరమున పిల్లలు విసరుకొను ఫ్రిస్బీ పళ్ళెమును మీరందరు చూచియుందురు. ఇవి దానికంటె చిన్నవి, గట్టివి. వెడల్పు సుమారు 21 సెంటీమీటర్లు. బరువు 150 మొదలు 175 గ్రాముల వరకు. ఒకటి దూరమునకు, ఒకటి నడిమి దూరమునకు, ఒకటి దగ్గరకు. దగ్గరకు వాడుదాని అంచు మొద్దుగా నుండును. క్రొత్తవారికి అదే మంచిది. నాకు వాడు దానినే ఇచ్చెను.

ఆ పార్కులో చెట్లనడుమ తొమ్మిది ఇనుపకంబములు నాటియున్నవి. ఒక్కొక్క కంబమునకు నడుము ఎత్తున ఒక ఇనుపగంప. గంపపైన చుట్టును గొలుసులు వ్రేలాడుచుండును. బిళ్ళ గొలుసులకు తగిలి, వేగము చచ్చి, గంపలో పడవలెను. ప్రతి గంపకును ఎదురుగా కొంత దూరమున ఒక సిమెంటు తిన్నె గలదు. దానిపై నిలిచి మొదటి విసురు విసరవలెను. బిళ్ళ ఎచట పడునో అచటికి నడచిపోయి, అచటినుండి మరల విసరవలెను. గంపలో పడునంతవరకు ఎన్ని విసుర్లైనవో లెక్క. ఒక గంప ముగిసిన పిమ్మట రెండవదాని తిన్నెకు పోవలెను. తొమ్మిది మజిలీల యాత్ర యన్నమాట. అంతయు కూడగా ఎవనికి తక్కువ వచ్చునో వాడు గెలిచినట్లు. గాల్ఫ్ ఆట చూచినవారికి ఇది వెంటనే తెలియును. బంతికి బదులు బిళ్ళ, కఱ్ఱకు బదులు చేయి, నేలలోని గుంటకు బదులు గంప. అందుకే దీనిని డిస్క్ గాల్ఫ్ అందురు. మా యింటిలో ఆమెకు ఫోనులో ఇదంతయు వివరించితిని. "ఇంతేనా, మా తొక్కుడుబిళ్ళ! గళ్ళు దూరం జరిపారు, కుంటటం మానేశారు" అనెను. ఆలోచించినచో ఆ మాట తప్పని తోచలేదు.

నా మొదటి విసురు గూర్చి చెప్పుట సిగ్గు. బలమంతయు కూడదీసి విసరితిని. బిళ్ళ పది గజములు తిన్నగా పోయి, ఎవరో పిలిచినట్లు ఎడమకు తిరిగి ఒక పొదలో దూరెను. అప్పుడు మనుమడు నోరు తెఱచి పలికినాడు: "తాతా, నీరసంగా వెయ్యి!" మెల్లగా విసరుమని వాని భావము. వాళ్ళ అమ్మ అలసి వచ్చినప్పుడు "నీరసంగా ఉంది" అనుట విని, నెమ్మది యనగా నీరసమని వాడు అర్థము చేసికొన్నాడు. నేను నవ్వితిని, వాడు ఎందుకని అడిగెను, నేను చెప్పితిని, వాడును నవ్వెను. మొదటి మాసములో మేము మాటలాడనిది ఆ పూట ఒక గంటన్నరలో మాటలాడితిమి. నాటినుండి మా యింట మంచి విసురునకు "నీరసపు విసురు" అని పేరు.

వాని మాటలో శాస్త్రమును గలదు. కుడిచేతివాడు చేతిని ఎడమ రొమ్మువైపునకు ముడిచి, ముందునకు లాగి విసరినప్పుడు, బిళ్ళ పైనుండి చూచినచో గడియారపు ముల్లువలె తిరుగుచు పోవును. ఆ తిరుగుడే దానిని నిలకడగా నిలుపునది. బొంగరము తిరుగుచున్నంతసేపు పడకుండుట వంటిదే. వేగము తగ్గగానే అది ఎడమకు వంగును. ఇది చేతి దోషము కాదు, బిళ్ళ స్వభావము. కావున గంపకు కొంచెము కుడివైపునకు గురి చూడవలెను. బలముకంటె, బిళ్ళను నేలకు సమముగా పట్టుకొనుటయు, విడుచునపుడు మణికట్టు త్రిప్పుటయు ముఖ్యము. నా వయస్సువారికి ఇంతకంటె అనుకూలమైన సంగతి యేమున్నది? బలము పోయినది గాని మణికట్టు ఉన్నది. అయితే భుజమును ముందుగా నాలుగుసార్లు త్రిప్పి వేడి చేసికొనక విసరినచో మరునాడు దువ్వెన పట్టుకొనుట కష్టము. ఇది స్వానుభవము.

నియమములు కొన్నియే. గంపకు ఎవరు ఎక్కువ దూరమున నున్నారో వారు ముందు విసరవలెను. విసరువాని ముందు ఎవరును నడువరాదు. గంపకు పది మీటర్లలోపల నిలిచి విసరినప్పుడు, విసరిన పిమ్మట తూలి ముందునకు అడుగు వేయరాదు. కాలు నిలద్రొక్కుకొనిన తరువాతనే కదలవలెను. హద్దు దాటి పడినచో ఒక విసురు అదనముగా లెక్కించుకొనవలెను. లెక్క ఎవరిది వారే చెప్పుకొందురు, తక్కినవారు విందురు. మొదటి దినము నా లెక్క ఏబదియొకటి, వానిది ముప్పదియైదు. లెక్క తెలుగులో చెప్పవలెనని నేను షరతు పెట్టితిని. ఆటలో గెలుచుచున్నవాడు గనుక వాడు ఉదారముగా ఒప్పుకొనెను. దాని ఫలితము విచిత్రము. నాలుగు మాసములలో నా లెక్క ఏబదియొకటి నుండి ముప్పదియెనిమిదికి దిగినది. కావున వానికి ముప్పది మొదలు ఏబదియొకటి వరకు తెలుగు అంకెలలో తడబాటు లేదు. పదునాలుగు అనుమన్న నేటికిని ఆలోచించును.

ఈ ఆట అచట పుట్టిన విధము కొంత చెప్పవలెను. 1938వ సంవత్సర ప్రాంతమున కాలిఫోర్నియా సముద్రతీరమున ఫ్రెడ్ మోరిసన్ అను యువకుడు, తాను పెండ్లాడబోవు పిల్లతో కేకు కాల్చు రేకుపళ్ళెమును విసరుకొనుచుండగా, ఎవరో వచ్చి దానికి ఇరువదియైదు సెంట్లిత్తునని అడిగెనట. అంగడిలో దాని వెల అయిదు సెంట్లు! అతడు అందులో వ్యాపారమును చూచినాడు. అతని ప్లాస్టిక్ పళ్ళెమును 1957లో వామ్-ఓ అను బొమ్మల కంపెనీవారు కొని, ఫ్రిస్బీ యని పేరు పెట్టిరి. ఆ కంపెనీలో 1964లో చేరిన ఎడ్ హెడ్రిక్ అను నాతడు పళ్ళెముపైన సన్నని గీతలు చుట్టును పెట్టి, అది గాలిలో నిలకడగా పోవునట్లు చేసి, 1967లో పేటెంటు పొందెను. 1975లో లాస్ ఏంజెలెస్ నగరమునకు ఉత్తరముగా నున్న ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి స్థిరమైన డిస్క్ గాల్ఫ్ కోర్సును అమర్చినవాడు ఇతడే. మరుసటి యేట ఆటగాండ్ర సంఘమును స్థాపించెను. ఓక్ గ్రోవ్‌లో మొదట గంపలు లేవు, వట్టి కంబములే. బిళ్ళ కంబమునకు తగిలినదా లేదా యని ప్రతిసారి తగవు. ఆ తగవు తీరుటకై గొలుసులును గంపయును కల్పించి 1977లో దానికిని పేటెంటు సంపాదించెను. ఈ తగవును గుర్తుంచుకొనుడు. మరల దాని పని యున్నది.

హెడ్రిక్ 2002లో మరణించినప్పుడు, అతని కోరిక ప్రకారము చితాభస్మములో కొంత కలిపి బిళ్ళలు పోతపోసిరి. మనము గోదావరిలోనో కృష్ణలోనో కలుపుదుము. అతడు గాలిలో కలిసినాడు. ఎవరి నది వారిది.

లాస్ ఏంజెలెస్ పోయినప్పుడు ఆ ఓక్ గ్రోవ్‌ను మనుమడు నాకు చూపించినాడు. ముదురు ఓక్ చెట్లు, వెనుక సాన్ గాబ్రియేల్ పర్వతములు, ప్రక్కనే అంతరిక్షనౌకలను నడపు ప్రయోగశాల. చూచుటకు తృప్తిగా నుండెను. ఆడుట వేరు. అంతకుముందే మా వాడు ఒకనాడు మమ్ములను కొండలలోని ఒక పెద్ద కోర్సునకు తీసికొనిపోయి యుండెను. అచట ఒక్కొక్క గంప నూరు మీటర్లకు మించిన దూరము, దారి పొడవున లోయలు. రెండు బిళ్ళలు పోగొట్టుకొని, అయిదవ గంపయొద్ద ఒక రాతిపై కూర్చుండి, ఇక రానంటిని. మనుమని ముఖము చిన్నబోయినది. మా యింటి దగ్గరి పార్కులో గంపలన్నియు నలువది మొదలు డెబ్బది మీటర్ల లోపలనే. అచట మూడు నాలుగు నీరసపు విసుర్లలో నావంటివాడు కూడ గంపను చేరును. పదేండ్ల పిల్లవాడు రెండింటిలో చేరి గర్వపడును. ఇద్దరికిని ఆట ముగిసిన సంతోషము దక్కును. ఆరితేరినవారు దీనిని పిల్లల కోర్సు అని తేలికగా మాటలాడుదురు. నేను మాత్రము, తాతయు మనుమడును కలిసి ముగింపగల కోర్సే అసలైన కోర్సనియు, తక్కినవి వయస్సులో నున్నవారి విలాసములనియు అనుకొనుచున్నాను. దీనిపై వాదించుటకు సిద్ధము.

ఇక మన చెన్నపట్టణము మాట. గాల్ఫ్ ఈ నగరమునకు క్రొత్త కాదు. జింఖానా క్లబ్బువారును, కాస్మోపాలిటన్ క్లబ్బువారును దానిని ఆడుచు వచ్చినారు. అయితే అది సభ్యత్వము గలవారి ఆట. పద్ధెనిమిది గుంటలకు నూరెకరములైనను కావలెను. బిళ్ళ ఆటకు సభ్యత్వము లేదు. మన సముద్రతీరమున ఉదయమే యువతీయువకులు రెండు జట్లుగా ఫ్రిస్బీ విసరుకొనుచు పరుగెత్తుటను కొందరు చూచియుందురు. దానిని అల్టిమేట్ అందురు. అది చక్కని ఆటయే గాని, ఇసుకలో పరుగు. మన మోకాళ్ళు ఒప్పుకొనవు.

నేను తిరిగి వచ్చునప్పుడు మనుమడు తన బిళ్ళలలో రెండింటిని నా పెట్టెలో పెట్టి, "ప్రతి వారం నీ స్కోరు చెప్పాలి తాతా" అని మాట తీసికొన్నాడు. ఇచట గంపలెక్కడివి? మొదట నా మనస్సు మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కుమీదికి పోయినది. మనలో చాలమంది అచట నడచుచుందుము. అమృతాంజనమును 1893లో ఆరంభించి, ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా ఈ నగరమున వెలయించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిటి వనమది. తెలుగువాని పేరుగల పార్కులో ఈ ఆట నాటుకొనుట ముచ్చటగా తోచినది. త్యాగరాయనగరములో పానగల్ రాజావారి పార్కును తలంచితిని. అందు కొంతభాగమును మెట్రో రైలు పనులకై తీసికొన్నారు. సరే, పంతులుగారి పార్కునే అడుగులతో కొలుచుకొంటిని. మొత్తము సుమారు నాలుగెకరములు. పొట్టి కోర్సునకైనను గంపకు అర ఎకరము పైచిలుకు విడువవలెను. చెట్లు, బల్లలు, పిల్లల ఊయెలలు, చుట్టును నడకదారి పోగా మిగులునది లేదు. పైగా ఉదయము ఆరు గంటలకు అచట బిళ్ళ విసరినచో, తప్పక ఎవరో ఒకరికి తగులును.

ఊహించి చెప్పుట లేదు. వేరొక పార్కులో (పేరు చెప్పను) ఒక వేకువను ఎవరును లేరనుకొని చెట్టునకు గురిచూచి విసరితిని. బిళ్ళ తన స్వభావము ననుసరించి ఎడమకు వంగి, బల్లపై కూర్చుండి ఫ్లాస్కులోని కాఫీ పోసికొనుచున్న ఒక వృద్ధురాలి చేతి కప్పును ఎగురగొట్టినది. చేయి కాలలేదు, భగవంతుని దయ. ఆమె నన్ను ఎగాదిగ చూచి, తమిళములో, "ఈ వయసులో ఇదేమిటి?" అని మాత్రము అనెను. క్షమింపుమని వేడి, కాఫీ తెప్పించి యిచ్చి, బిళ్ళను సంచిలో పెట్టుకొని యింటికి వచ్చితిని. తప్పు కావలివానిది కాదు, పార్కుది కాదు, నాదే. నూటడెబ్బది గ్రాముల గట్టి ప్లాస్టిక్ వేగముగా వచ్చి కంటికి తగిలినచో ఏమగునో మీరే ఊహింపుడు. పది మంది నడచు చోట ఈ ఆట కూడదు. ఇది మొదటి నియమమని నా పుస్తకములో వ్రాసికొంటిని.

పిమ్మట మా పేటలోని ఒక పాఠశాలవారిని అడిగితిని. ఆదివారము ఉదయము ఆరున్నర మొదలు ఎనిమిది వరకు మైదానమును వాడుకొనుటకు దయతో ఒప్పుకొనిరి. ఆ వేళ మంచిది. సముద్రపుగాలి పొద్దెక్కిన తరువాత గాని ఊరిలోనికి రాదు. ఉదయమున బిళ్ళ మన మాట వినును. నాలుగు ముక్కాలిపీటలపై నాలుగు ప్లాస్టిక్ బట్టలబుట్టలు పెట్టితిని. నలువది మీటర్లు ఒకటి, ఏబది రెండు, అరువది ఒకటి. ఈ నాలుగింటిని రెండు చుట్లు తిరిగి, మొదటి బుట్టను మరియొకసారి ఆడినచో తొమ్మిది! మొదటి ఆదివారము నేనును, మా ప్రక్కింటి రిటైరైన పోస్టుమాస్టరుగారును, వారి మనుమరాలును ఆడితిమి. మూడవ ఆదివారమునకు తొమ్మండుగురమైతిమి. పిల్లలు తమలో తాము తమిళములోనే అరచుకొందురు. లెక్క మాత్రము తెలుగున చెప్పవలెనని ఇచటను అదే షరతు. ఎవరును గొణగలేదు. పెద్దలు పద్యము నేర్పెదమన్నచో పరుగెత్తు పిల్లలు, "నీకు ఏడు కాదు, ఎనిమిది!" అని తాతగారితో తెలుగున జగడమాడుచున్నారు.

జగడమన్నాను గదా. గొలుసులు లేని బుట్టలో బిళ్ళ నిలువదు. అంచునకు తగిలి, ఎగిరి, అవతల పడును. తగిలినచో చాలునా, లోపల నిలువవలెనా? తగిలినదా, అసలు తగులలేదా? పోస్టుమాస్టరుగారు తగులలేదన్నారు, మనుమరాలు తగిలినదన్నది, ఆమె రెండు వారములు ఆటకు రాలేదు. హెడ్రిక్‌గారు ఓక్ గ్రోవ్‌లో పడిన తగవే యిది. అతడు మార్గము చూపియే పోయినాడు. మనకు గొలుసులు కావలెను.

అందుకే నేడు మీ ముందు నిలిచితిని. పోయిన వారము ఆ పిల్లను బ్రతిమాలి తీసికొనివచ్చితిమి గాని, ఈ బుట్టలతో ఎక్కువ దినములు సాగదు. నాలుగు గంపలు చేయింపవలెను. ఒక్కొక్కదానికి ఒక ఇనుపగొట్టము, క్రింద బరువైన పీఠము, రెండు కడియములు, నడుమ కమ్మీలతో అల్లిన గంప, పైనుండి వ్రేలాడుటకు సన్నని గొలుసులు. నాటనక్కరలేదు, ఆట కాగానే ఎత్తి పాఠశాల గదిలో పెట్టదగినట్లుండవలెను. ప్యారిస్ ప్రాంతమున ఇనుపసామాను వర్తకము చేయువారు, అంబత్తూరులో కర్మాగారము గలవారు మన సంఘములోనే యున్నారు. వారివైపు చూచుచు మాటలాడుట మీరు కనిపెట్టియే యుందురు. నేను కాగితముపై కొలతలు వేసి తెచ్చితిని, సభ ముగియగానే చూపెదను. ఖర్చులో నాలుగవవంతు నాది. బిళ్ళలకు తొందర లేదు. ఉన్న రెండింటిని మార్చి మార్చి ఆడుచున్నాము.

వచ్చు ఆదివారము ఆరున్నరకే రండు. ఎనిమిదిన్నరకు నేను ఇంటిలో ఉండవలెను. అప్పుడు కాలిఫోర్నియాలో శనివారము రాత్రి ఎనిమిది గంటలు, ఫోను వచ్చును. పోయిన వారము వాని లెక్క ఇరువదితొమ్మిది. ఆ అంకె తెలుగున వానికి రాదు, ఇంతవరకు అవసరము పడలేదు గదా. "ముప్పైకి ఒకటి తక్కువ, తాతా" అన్నాడు.